తప్పిపోతే కదలకు

…అయితే భయం ముందు వస్తుందా, శబ్దం ముందు వస్తుందా అన్నది ఆ ఎగ్జిబిషన్ సీజనంతా నేను తేల్చుకోలేకపోయాను. లౌడ్‌స్పీకర్ మోగాక భయపడితే అది ఎవరికైనా అర్థమయ్యే సంగతి. నాకు మాటలతో భయం లేదు. మాటలు మొదలయ్యాయంటే ఏం జరుగుతోందో తెలిసిపోయినట్టే. మాటలకు ముందు ఒక చప్పుడు వచ్చేది. ఎవరో మైకు దగ్గరికి వంగి ఊపిరి తీసుకున్నట్టు, పొడిగా, గరగరమని ఒక గాలి. ఆ గాలికీ మొదటి మాటకీ మధ్య ఏదైనా జరగొచ్చు. ఎవరి పేరైనా రావచ్చు. నాకు భయం పుట్టేది సరిగ్గా అక్కడే.

నాంపల్లిలో మా ఇల్లు నుమాయిష్ మైదానం గోడ వెనక సందులో ఉండేది. జనవరి మొదటి రోజు నుంచి ఫిబ్రవరి సగం దాకా ఎగ్జిబిషన్ నడిచినన్నాళ్ళూ, ప్రతి సాయంత్రం లౌడ్‌స్పీకర్‌లోంచి మా వంటింట్లోకి మూడు భాషల్లో పిల్లలు తప్పిపోయి వచ్చేవాళ్ళు. ఎర్ర ఫ్రాకు, రెండు జడలు, పేరడిగితే పింకీ అంటోంది. తెల్ల టోపీ, ఒక కాలికే బూటు, అసలేమీ చెప్పడం లేదు. ఎంత పిలిచినా ఎవరూ రాకపోతే పిల్లల కోసం వెతుక్కుంటున్న వాళ్ళకే అనౌన్సర్ మైకు ఇచ్చేసేవాడు. కొత్త గొంతుకు బెదిరిన పిల్లలు సొంత మనిషి గొంతును పట్టుకుని వస్తారని. అప్పుడు ఏడుపు ఆపుకుంటున్న ఒక తల్లి మా పప్పుగిన్నె మీదుగా "బేటా, ఇధర్ ఆజా, మై యహీఁ హూఁ" అని, ఇటు రా, నేనిక్కడే ఉన్నానని పిలిచేది. నేను లేచి వెళ్ళి పరుపుకూ గోడకూ మధ్య తల పెట్టుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు నాకప్పుడు. డిగ్రీ పాసయ్యాను.

ఆస్పర్జర్స్ అనే మాట మా ఇంట్లోకి వచ్చి అప్పటికి ఏడాది. ఖైరతాబాద్‌లో కొత్తగా క్లినిక్ పెట్టిన శ్రీవిద్య అనే డాక్టరమ్మ చెప్పింది. అది జబ్బు కాదనీ, మెదడు పనిచేసే తీరు అనీ. అమ్మ "మందుందా?" అని అడిగింది. "మందు లేదు ఫ్లోరాగారూ. మీరు అతనితో ఏ మాటైనా తిన్నగా చెప్పండి. సైగలతో, చూపులతో చెప్పకండి" అంది డాక్టరమ్మ. అమ్మ బడిలో ఐదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. తిన్నగా చెప్పడం ఆమెకు వచ్చు. ఇంట్లో అంతవరకూ చెప్పలేదంతే.

నేను మనుషుల ముఖాల వైపు చూడలేను. చూస్తే అక్కడ ఒకేసారి చాలా కదులుతూ ఉంటాయి. బోర్డులు కదలవు. అబిడ్స్‌లో చేత్తో రాసిన బోర్డులన్నీ నాకు తెలుసు. ఏ బోర్డు ఏ పెయింటర్ రాశాడో తలకట్టు వంపు చూసి చెప్పగలను. నీడను ఎడమవైపు వేసేవాడు ఒకడు, అక్షరం కడుపులో సన్నటి తెల్లగీత పెట్టేవాడు ఇంకొకడు. నా దారులన్నీ ఆ బోర్డుల మీదుగానే ఉండేవి. పసుపు అక్షరాల టైలర్ దగ్గర మలుపు, నీలం అక్షరాల కళ్ళద్దాల షాపు దగ్గర రోడ్డు దాటడం.

రెండువేల మూడు జనవరిలో జాబెజ్ మామ మెదక్ నుంచి వచ్చాడు. అమ్మకు తమ్ముడు. అక్కడ మగపిల్లల హాస్టల్‌కు వార్డెన్. వస్తూనే కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

"క్షేమమేనా అల్లుడా?"

"క్షేమంగానే ఉన్నాను మామా. మీ ప్రయాణం ఎలా సాగింది?"

"అబ్బ! ఇంతటితో వార్తలు సమాప్తం అను, ఇంగ అయిపోతది." గట్టిగా నవ్వాడు. "ఇటు చూడరాదు జర. నీ మామ గా క్యాలెండర్ల ఉన్నడా?"

నా మాట పుస్తకంలోలా ఉంటుందని అందరూ అనేవారు. నేను మాటలు మనుషుల దగ్గర కంటే అచ్చులో, రేడియోలో నేర్చుకున్నాను. అవి అక్కడ నిలకడగా ఉంటాయి.

భోజనాలయ్యాక వాళ్ళిద్దరూ వంటింట్లో మాట్లాడుకున్నారు. గొంతులు తగ్గించారు. తగ్గించిన గొంతే నాకు ఎక్కువ వినబడుతుంది.

"గడ్డ ఎంతుందంట?"

"ఉన్నదిరా. తీసెయ్యాలన్నరు. గర్భసంచి మొత్తం. నుమాయిష్ అయిపోయినంక డేట్ ఇచ్చిన్రు. రక్తం తక్కువున్నదట, అప్పటిదాక మందులు మింగుమన్నరు."

"మరి వీడు?"

"ఇంట్ల ఉంటడు. అన్నం వండుకుంటడు, బట్టలు ఉతుక్కుంటడు. వానికి అన్ని వస్తయి."

"వస్తయి, నాకెర్కే. కాని ఎవడన్న వచ్చి తలుపు కొడితే? నీకేమన్న అయి దవాఖానోళ్ళు మనిషిని పంపిస్తే? వీడు గా వచ్చినోని అంగి గుండీలు చూస్కుంట నిలబడ్తడు అక్కా. నాతోని మెదక్ తోలియ్యి. హాస్టల్ల ఒక మంచం ఏస్త."

"నా కొడుకేమన్న మూటనారా, ఎత్తి బస్సు మీదేసెతందుకు?"

"నువ్వు తిడితే తిట్టు. ఎవలో ఒకలు మాట్లాడాలె గదా."

ఆ హాస్టల్‌ను నేను ఒకసారి చూశాను. పొడుగాటి గది, వరసగా ఇనుప మంచాలు, గంట కొడితే అందరూ ఒకేసారి లేవడం, అందరూ ఒకే తొట్టి దగ్గర ఒకరి మీద ఒకరు నీళ్ళు చిమ్ముకోవడం. తలుపు లేని గది అది. ఆ మధ్యాహ్నం నాకు ఇంకేదీ కనిపించలేదు. ఆపరేషన్ అన్న మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. భయం కూడా ఇరుకు తలుపు లాంటిదే. ఒక్కొక్కటే దూరుతుంది.

మరునాడు ఆదివారం. ఆరాధన నుంచి వచ్చాక అమ్మ నా చేతికి సంచి ఇచ్చింది. "అబిడ్స్‌ల మన బేకరీకి పోయి రొట్టె తీస్కరా ఇవాన్." మామ వినాలనే గట్టిగా చెప్పింది. ఆ రొట్టె నేను చాలాసార్లు తెచ్చాను.

ఆదివారం కాబట్టి షాపుల షట్టర్లు మూసి ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. నేను పెద్ద పోస్టాఫీసు దాటి, పసుపు అక్షరాల టైలర్ దగ్గరికి వచ్చి పైకి చూశాను. పసుపు అక్షరాలు లేవు. ఆ స్థానంలో ఒక ప్లాస్టిక్ గుడ్డ బిగించి ఉంది. దాని మీద కోటు వేసుకున్న ఒక మనిషి ఫోటో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. అక్షరాలన్నీ ఒకే మందం. వాటిని ఏ చెయ్యీ రాయలేదు. పక్కషాపుకూ అదే. దాని పక్కదానికీ అదే. నా కాళ్ళ కింద రోడ్డు అదే రోడ్డని నాకు తెలుసు. అయినా ఆ తెలియడం కాళ్ళ దాకా రాలేదు.

చిన్నప్పుడు ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూడబోయి జనంలో నేను విడిపోయాక అమ్మ నాకొక సూత్రం నేర్పింది. తప్పిపోతే కదలకు. ఉన్నచోటనే ఉండు. నేనొస్త. ఆమె ప్రతిసారీ వచ్చింది. నేను నిలబడ్డాను.

"సార్, జర జరుగున్రి. బుక్కుల మీద నిలబడ్డరు," అన్నాడు పుస్తకాలమ్మే మనిషి.

నేను కదలలేదు.

"కొంటరా? కొనరా? మరి బొమ్మ లెక్క నిలబడ్డరేంది?"

"నేను తప్పిపోయాను. అందువల్ల కదలకూడదు."

అతని పక్కనున్నవాడు కిసుక్కుమన్నాడు. "ఏడికి పోవాలె మీరు?"

"బేకరీకి."

"గదేంది మరి? గా మూల మీద గదేంది? మీ ముక్కు ముందల్నే ఉన్నది!"

"అవును. కనబడుతోంది."

ఇంక చుట్టూ నవ్వులే. ఎవరో నా భుజం పట్టి ఊపారు. ఆ చెయ్యి తీశాక కూడా నా భుజం మీద ఉండిపోయింది. ఎండ పుస్తకాల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. చివరికి అమ్మ వచ్చింది. షట్టర్లను ఒక చేత్తో పట్టుకుంటూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ వచ్చింది. వెనకే మామ. ఆమె నన్ను ముట్టుకోలేదు. ఎప్పటిలాగే నా చొక్కా చేతి అంచును రెండు వేళ్ళతో పట్టుకుంది.

దారిలో మామ ఒక్క జోకూ వెయ్యలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, "చూసినవా అక్కా," అన్నాడు. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

"బోర్డు మార్చిన్రంట," అంది అమ్మ.

"బోర్డులు మారుస్తనే ఉంటరు."

మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే, ఒక మాట. నుమాయిష్ అయిపోకముందుగాల వీన్ని ఒక్క సాయంత్రం లోపటికి తీస్కపో. గోడ అవతలనే గదా. గా లొల్లిల తిరిగి మంచిగ ఇంటికొస్తే నేనే నోరు మూస్కుంట. తాళంచెయ్యి వాని చేతికే ఇయ్యి. లేకుంటే మాత్రం నాతోని వస్తడు. ఆఖరి వారం నేనొస్త, తీస్కపోయెతందుకు."

అమ్మ నా బట్టలు కొన్ని రెక్సిన్ బ్యాగులో సర్ది తలుపు వెనక పెట్టింది. నేను దాని వైపు చూడకుండా ఆ తలుపు మూయడం నేర్చుకున్నాను.

జనవరి అలా గడిచింది. అమ్మ రోజుకొకటి నేర్పేది. గ్యాస్ అయిపోతే ఏం చెయ్యాలి, తలుపు కొడితే ముందు ఏమడగాలి. సాయంత్రాలు మేమిద్దరం గోడ వారగా నడిచేవాళ్ళం. మొదట మలుపు దాకా, తర్వాత మైదానం గేటు దీపాలు కనబడేదాకా. ఆమె తొందరగా అలిసిపోయి ఎవరింటి అరుగు మీదో కూర్చునేది. నేను పక్కన నిలబడేవాణ్ణి. ఒకనాడు అరుగు మీద కూర్చున్నప్పుడు అడిగాను.

"ఆపరేషన్‌లో నువ్వు చనిపోయే అవకాశం ఉందా?"

శ్రీవిద్యగారి మాట ఆమె మరిచిపోలేదు. "ఉన్నది. చానా తక్కువ," అంది తిన్నగా.

"నువ్వు భయపడుతున్నావా?"

"ఔ."

నేను ఆమె చేతుల వైపు చూశాను. కొంగు చివరను మడత మీద మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. ఆ పని ఆమె ఎన్నో నెలలుగా చేస్తోంది. నేను రోజూ చూశాను. అది భయం అని నాకు ఎవరూ చెప్పలేదు. భయం నా ఒక్కడి లోపలే ఉంటుందని, మిగతావాళ్ళంతా అవతలి ఒడ్డున ఉన్నారని అనుకునేవాణ్ణి. ఆమె కూడా ఇటువైపే ఉందని తెలిస్తే ధైర్యం రావాలి. నాకు రాలేదు. ఇటువైపు నన్ను చూసుకోవడానికి ఇంకెవరూ లేరని మాత్రం తెలిసింది. ఆ రోజు నుంచి ఆపరేషన్ అన్న మాట లోపలికి దిగింది.

ఫిబ్రవరిలో మామ వచ్చాడు. వచ్చిన సాయంత్రమే మేం బయలుదేరాం. అమ్మ ఆకుపచ్చ నేతచీర కట్టుకుని బూడిదరంగు స్వెట్టరు వేసుకుంది. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టింది. మామ గుమ్మంలో నిలబడి, "నేను చాయ్ పెట్టుకుని కూసుంట. మీరు మిర్చిబజ్జీలు పట్కరాన్రి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ తలుపు వెనక బ్యాగును కాలితో కొంచెం ఇవతలికి జరిపాడు.

లోపల నేను అనుకున్న దానికంటే ఎక్కువ ఉంది. ఉన్ని శాలువాలు, పింగాణీ పాత్రలు, వేయించిన మొక్కజొన్న వాసన, పక్కపక్క షాపుల్లో వేర్వేరు పాటలు, వాటి మీద పెద్ద చక్రం తిరిగే మోత, పిల్లల రైలు కూత. బోర్డులన్నీ ఈ ఏడాదివే. వచ్చే ఏడాది ఉండవు. పట్టుకోవడానికి ఒక్క అక్షరం లేదు. అమ్మ నా చొక్కా అంచును పట్టుకుంది. నేను ఆ అంచు గురించి మాత్రమే ఆలోచించాను. లోకమంతా పోయి నా మణికట్టు చుట్టూ ఉన్న గుడ్డ మాత్రం మిగిలితే చాలు. అక్కడ రెండు వేళ్ళ బరువుంది. నేను నడవగలను.

శాలువాల షాపుల మధ్య ఇరుకులో ఒక పెద్ద గుంపు ఎదురొచ్చింది. గుడ్డ ఒకసారి గట్టిగా లాగినట్టయింది. తర్వాత బరువు పోయింది.

నేను ఆగిపోయాను. తప్పిపోతే కదలకు. ఒక కొయ్యస్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను. జనం నన్ను తోస్తూ, చుట్టూ తిరిగి పోతున్నారు. ఇది పరీక్షేమో అనుకున్నాను. ఆమె ఎక్కడో పక్కన నిలబడి చూస్తోందేమో. అలా అయితే నేను సరిగ్గానే చేస్తున్నాను. పైన లౌడ్‌స్పీకర్ గరగరమంది. ఎవరో నీలం గౌను పాప. నేను కాదు. మళ్ళీ గరగర. ఎవరిదో పర్సు దొరికింది. ఎదురు షాపువాడు ఒక శాలువా విప్పి చూపించాడు, మడిచాడు, మరొకటి విప్పాడు. కొన్నవాళ్ళు వెళ్ళిపోయి వేరేవాళ్ళు వచ్చారు. ఆమె రాలేదు.

ఆమె రాకపోవడం అనేది అంతకు ముందెప్పుడూ జరగలేదు. దాన్ని ఎలా ఆలోచించాలో నాకు తెలియలేదు. అయినా బుర్ర ఒక మూల తన పని తాను చేసుకుపోతోంది. సూత్రం తప్పిపోయినవాళ్ళకు. నేను ఉన్నచోటే ఉన్నాను. రావలసిన మనిషి రాలేదు. అంటే తప్పిపోయింది నేను కాదు, ఆమె. ఆ సూత్రం ఆమెదే కాబట్టి ఆమె కూడా ఎక్కడో కదలకుండా ఉండి ఉంటుంది. షట్టర్లను పట్టుకుని నడిచిన చెయ్యి గుర్తొచ్చింది. నిలబడి ఉందో లేదో. ఇద్దరం కదలకపోతే ఎవరూ రారు. దీపాలన్నీ ఆరిపోయేదాకా ఎవరూ రారు.

స్తంభం నుంచి వీపు తియ్యడమే అన్నిటికంటే కష్టమైంది.

బోర్డులు లేవు కాబట్టి తలెత్తి చూశాను. స్తంభం మీద లౌడ్‌స్పీకర్ కొమ్ము, దాని నుంచి నల్లటి వైరు ఇంకో స్తంభానికి, అక్కడి నుంచి ఇంకోదానికి. నన్ను ఇన్నేళ్ళూ వణికించిన గొంతు ఆ వైరులోంచే వచ్చేది. దాన్ని పట్టుకుని వెనక్కి పోతే ఆ గొంతు మొదలయ్యే చోటు రావాలి. నేను వైరు మీదే కళ్ళు పెట్టి నడిచాను. "అరె భాయ్, దేఖ్ కే చలో!" అని ఎవరో కసిరారు. ఎవరి చేతిలోదో ఐస్‌క్రీం నా చొక్కా మీద పడింది. ఎన్నో భుజాలు, మోచేతులు నా ఒంటికి తగిలాయి. ఒక్కొక్కటీ మంటలా తగిలింది. వైరు మాత్రం తెగలేదు.

అది ఒక చిన్న గది కిటికీలోకి దూరింది. లోపల బెంచీ మీద ఏడ్చి అలిసిపోయిన ఇద్దరు పిల్లలు బిస్కెట్లు తింటున్నారు. మంకీక్యాప్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి మైకు ముందు చాయ్ ఊదుకుంటున్నాడు. ఎవరో అతన్ని శ్యామ్‌సుందర్ సాబ్ అని పిలిచి వెళ్ళారు.

"ఏంది తమ్మీ? ఎవలు తప్పిపోయిన్రు? చెల్లెనా?"

"మా అమ్మ తప్పిపోయింది."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మలు తప్పిపోరు తమ్మీ. నువ్వు తప్పిపోయినవ్." బెంచీ మీది పిల్లల వైపు చూసి కన్ను కొట్టాడు. "కూసో. బిస్కెట్ తింటవా?"

"నేను ఉన్నచోటే ఉన్నాను. ఆమె రాలేదు. ఆమె ఎప్పుడూ వస్తుంది. ఆమెకు రక్తం తక్కువగా ఉంది. వచ్చే వారం ఆపరేషన్. పేరు ఫ్లోరా. ఆకుపచ్చ నేతచీర, బూడిదరంగు స్వెట్టరు, ఎడమ చెప్పుకు పిన్నీసు. శాలువాల షాపుల మధ్య ఆమె చెయ్యి వదిలిపోయింది."

ఇవన్నీ నేను అతని ముఖం చూడకుండా, మైకు కింది అతుకు వైపు చూస్తూ అన్నాను. అతను నవ్వడం ఆపేశాడు.

"వార్తలు చదివినట్టు చెప్తున్నవ్ గదా," అని మెల్లగా అని, మైకు దగ్గరికి వంగాడు. ఆకుపచ్చ చీరతో, ఒంట్లో బాగోలేని ఒకామె ఎక్కడైనా కూర్చునిగానీ పడిపోయిగానీ కనబడితే పక్కవాళ్ళు వెంటనే వాలంటీర్లకు చెప్పాలని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పిలిచాడు. ఒక వాలంటీర్‌ను శాలువాల వైపు పంపాడు. మేం ఎదురుచూశాం. పిల్లల్లో ఒకరి నాన్న వచ్చి ఎత్తుకుని పోయాడు. మళ్ళీ పిలిచాడు. ఎవరూ రాలేదు.

"పడిపోతే ఎవలన్న చెప్తుండె. సోయిలనే ఉండి ఉంటది. నా గొంతు ఎవలు పట్టించుకుంటరు, దినాం ఇంటనే ఉంటరు," అన్నాడు. కుర్చీలోంచి లేచి మైకును నా వైపు తిప్పాడు. "నువ్వు పిలువు. నీ గొంతయితే ఇంటది. గీ ఎర్ర బటన్ వత్తి పట్టు, వదలకు. రెండు మాటలే."

"నాకు భయం," అన్నాను.

"ఎవలికి లేదు? వత్తు."

కుర్చీలో కూర్చున్నాను. మైకు జాలీ మీద ఎవరెవరి ఊపిరి తడో పాతబడి వాసన వస్తోంది. ఎర్ర బటన్ మీద వేలు పెట్టాను. గోడ అవతల మా సందులో మామ చాయ్ గ్లాసుతో కూర్చుని ఉంటాడు, తలుపు పక్కన బ్యాగు. ఎన్నో వంటిళ్ళలో జనం అన్నాలు తింటూ ఉంటారు. ఎక్కడో ఆ దీపాల మధ్య ఆకుపచ్చ చీర కదలకుండా ఉంది.

బటన్ వత్తాను. ముందు నా ఊపిరే బయటికి పోయింది. పొడిగా, గరగరమని, మైదానమంతా ఒకేసారి వినబడింది. అది ఎవరిదో గాలి కాదు. ఎవరో నాలాగే భయపడి తీసుకునే ఊపిరి.

"అమ్మా," అన్నాను. "నేను ఇవాన్‌ను. కదలకు. ఉన్నచోటనే ఉండు. నేనొస్త."